కొండమెట్లు, కీటకజాతులు: కోరాపుట్, రాయగడ అడవుల్లో ఎత్తు వెంబడి జీవవైవిధ్య అధ్యయనం

జయపురం మహారాజు విక్రమదేవ వర్మ (1869–1951) తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేసిన సాహితీమూర్తి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్ర విద్య నిలదొక్కుకోవడానికి ఏటా లక్ష రూపాయలు అందేలా ఆయన ఏర్పాటు చేయగా, ఆ విశ్వవిద్యాలయపు సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరు పెట్టారు. ఆ సొమ్ము జమీందారీ రాబడిలోనిది. ఆ రాబడి కోరాపుట్, రాయగడ ప్రాంతాల పంటభూములూ అడవులూ ఇచ్చినది. కొండల సంపదతో సముద్రతీరాన పెరిగిన విజ్ఞానం తిరిగి ఆ కొండలకు ఏమి ఇవ్వగలదన్నది ఆయన స్మృతికి అంకితమైన ఉపన్యాసంలో వేసుకోదగిన ప్రశ్న. దానికి ఈ ఉపన్యాసం సూచించే జవాబు చిన్నది: ఈ కొండల్లో ఏ కీటకం ఏ ఎత్తున బతుకుతున్నదో నదీలోయ మొదలుకొని శిఖరం దాకా ఒకే పద్ధతిలో పరిశీలించి, ఎత్తుతోనూ తేదీతోనూ రాసిపెట్టడం. ఆ పని ఎందుకు చేయాలో, ఎలా చేయాలో, ఎవరితో కలిసి చేయాలో వివరించడమే ఇక్కడి ప్రయత్నం.

1. నేల తీరు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం పాలనతో ముడిపడి ఉండేది. తరువాత ఏర్పడిన కోరాపుట్ జిల్లాను 1992 అక్టోబరు 2న కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ అనే నాలుగు జిల్లాలుగా విభజించారు. పాలనాపరమైన హద్దులు మారినా నేల తీరు మారలేదు. మూడు వేల అడుగుల పీఠభూమి, రెండు వేల అడుగుల పీఠభూమి అని పాత రోజుల్లో వర్ణించిన విధంగానే ఇది మెట్లుమెట్లుగా లేచిన నేల. నాగావళి ఒడ్డున రాయగడ పట్టణం సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంటే, జయపురం మైదానం సుమారు 600 మీటర్ల మెట్టు మీద, కోరాపుట్ పట్టణం దాదాపు 900 మీటర్ల మెట్టు మీద ఉన్నాయి. వీటన్నిటి పైన పొట్టంగి దగ్గర దేవమాలి 1,672 మీటర్లకు లేచి ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరమైంది. రాయగడ, కలహండి జిల్లాల నడుమ నియమగిరి శ్రేణి దాదాపు 1,500 మీటర్లను అందుకుంటుంది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో విశాఖ వైపు నుంచి బయల్దేరిన బండి సొరంగాల మీద సొరంగాలు దాటుకుంటూ 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషనుకు ఎక్కి, అరకు మీదుగా కోరాపుట్ చేరేసరికి, కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడు ఒక్క పూటలోనే రెండు మూడు వాతావరణాలను దాటుతాడు. ఈ ఉపన్యాసానికి విషయం ఆ దాటడమే. అయితే ఇక్కడ దాటేది కీటకం.

ఎత్తయిన కొండల కీటకాల అధ్యయనానికి భారతదేశంలో పునాది వేసినవారు ఎం.ఎస్. మణి. వాయవ్య హిమాలయాల్లో సాగిన యాత్రల అనుభవంతో ఆయన రాసిన గ్రంథం 1968లో వెలువడింది. అయితే ఆయన ప్రధానంగా పరిశీలించినది చెట్లు పెరగడం ఆగిపోయే గీతకు పైనున్న మంచు సీమను. తూర్పు కనుమల్లో అటువంటి గీత లేదు. దిగువన గుగ్గిలం చెట్ల ఆకురాల్చే అడవులూ, తేమ నిలిచే లోయల్లో పచ్చదనం వీడని అడవులూ, పైన గడ్డిమైదానాలూ ఉన్న ఈ కొండలు పొట్టివి, విడివిడిగా తెగినవి. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న ఈ కనుమలను ముక్కలు చేసి సముద్రంలోకి దారి చేసుకున్నాయి కనుక, ఒక్కో కొండ గుంపు మైదానమనే సముద్రంలో ఒక దీవి వంటిది. అందువల్ల హిమాలయాలకు పనికివచ్చిన ప్రశ్నలను ఇక్కడికి ఉన్నవి ఉన్నట్టుగా తేలేము.

2. ఎత్తు ఏమి చేస్తుంది

కీటకమంటే ఆరు కాళ్ళు, తల, ఉరము, ఉదరము అనే మూడు భాగాల శరీరం గల జీవి. తొలకరికి నేల మీద ఎర్రని మఖమలు ముక్కలా నడిచే ఆరుద్ర పురుగును తెలుగువారు పురుగనే పిలుస్తారు గాని, ఎదిగిన దానికి కాళ్ళు ఎనిమిది. అది సాలీడుకు చుట్టం. ఇప్పటిదాకా శాస్త్రీయంగా పేరు పెట్టిన కీటకజాతులు ప్రపంచంలో దాదాపు 10 లక్షలు, భారతదేశంలో 60 వేలకు పైగా ఉన్నాయి. పేరు పెట్టనివి ఎన్ని ఉంటాయన్నది తెగని చర్చ. టెర్రీ ఎర్విన్ 1982లో, పనామా అడవుల్లో ఒకే రకం చెట్టు మీది పెంకు పురుగులను లెక్కించి, ఆ లెక్కను విస్తరించి, కీటకాలూ సాలీళ్ళ వంటి వాటి చుట్టాలూ కలిపి ఉష్ణమండల జాతులు 3 కోట్ల దాకా ఉండవచ్చని అంచనా వేశారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను బాగా తగ్గించినా, అడవిలోని జీవరాశిలో అత్యధికం ఇంకా పేరు లేకుండానే ఉన్నదన్న ఆయన మాట నిలిచింది.

ఎత్తు పెరిగేకొద్దీ ఒక పరిస్థితి క్రమంగా మారుతూ పోవడాన్ని ఎత్తు ప్రవణత అంటారు. కొండ మీద తొలుత మారేది వేడి. ప్రతి 1,000 మీటర్లకూ గాలి వేడిమి సగటున 6 నుంచి 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, రాయగడ నదీలోయకూ దేవమాలి శిఖరానికీ నడుమ దాదాపు 9 డిగ్రీల తేడా ఉండాలి. మనిషి చలి వేస్తే దుప్పటి కప్పుకుంటాడు, అతని ఒంటి వేడి మాత్రం మారదు. కీటకానికి ఒంటి వేడి చాలావరకు చుట్టూ ఉన్న గాలి నుంచీ ఎండ నుంచీ రావలసిందే. అది ఎంత వేగంగా ఎదుగుతుంది, ఏడాదికి ఎన్ని తరాలు గడుస్తాయి, రోజులో ఎంతసేపు ఎగరగలదు అన్నవన్నీ ఆ వేడి మీదే ఆధారపడతాయి. అందుకే 9 డిగ్రీల తేడా కీటకానికి మరో దేశమంత దూరం.

1802లో చింబొరాజో పర్వతం ఎక్కిన అలెగ్జాండర్ హంబోల్ట్, ఏ ఎత్తున ఏ మొక్క పెరుగుతుందో ఒకే చిత్రంలో చూపి ఈ శాస్త్రానికి దారి తీశాడు. ఎత్తుకు పోయేకొద్దీ జాతులు ఏకధాటిగా తగ్గుతాయని చాలాకాలం అనుకున్నారు. కార్‌స్టెన్ రాబెక్ 1995లో అప్పటి అధ్యయనాలను పరిశీలించి, అది సార్వత్రిక నియమం కాదని, మధ్య ఎత్తుల్లో జాతులు అత్యధికంగా ఉండి అటూ ఇటూ తగ్గే తీరే ఎక్కువగా కనిపిస్తుందని చూపారు. దీనికి చెప్పే కారణాల్లో ఒకటి కేవలం లెక్కకు సంబంధించినది. రకరకాల పొడవున్న వెదురు ముక్కలను ఒక పెట్టెలో ఎలా పడేసినా, పొడవైన ముక్కలన్నీ పెట్టె నడిభాగాన్ని దాటి ఉండవలసిందే; అలాగే కొండ అడుగుకూ కొసకూ నడుమ పరచుకున్న జాతుల్లో విస్తారమైనవన్నీ మధ్య ఎత్తుల్లో ఒకదానిపై ఒకటి పడతాయి. దీనినే మధ్యక్షేత్ర ప్రభావమంటారు. తేమ, మబ్బు, పూల లభ్యత, నేల వైశాల్యం తక్కిన కారణాలు. శంకువులా ఉన్న కొండలో పైకి పోయేకొద్దీ నేల తగ్గుతుంది. కోరాపుట్‌లో మాత్రం 900 మీటర్ల దగ్గర కొండ పీఠభూమిగా విప్పారుతుంది. ఆ మెట్టు మీద జాతులు ఎక్కువగా కనిపిస్తే అది ఎత్తు ఫలితమా, నేల విస్తీర్ణపు ఫలితమా అన్నది విడదీసి చూడవలసిన ప్రశ్న.

డేనియల్ జాన్జెన్ 1967లో చెప్పిన భావన ఇక్కడ అవసరమవుతుంది. ఏడాది పొడవునా వేడి పెద్దగా మారని ఉష్ణమండలంలో జీవులు ఇరుకైన ఉష్ణోగ్రతల హద్దుల్లోనే బతకడానికి అలవాటుపడతాయనీ, అందువల్ల అక్కడి కనుమ మీటర్లలో పొట్టిదైనా జీవులకు దాటరానంత ఎత్తుగా తోస్తుందనీ ఆయన అన్నారు. కోరాపుట్ ఉష్ణమండలంలోనే ఉన్నా, భూమధ్యరేఖకు దూరంగా, నిప్పులు చెరిగే రోహిణి కార్తెకూ వణికించే పుష్యమాసానికీ నడుమ ఊగే ప్రాంతం. మృగశిర కార్తెలో తొలి వాన పడగానే పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచి, చిగురాకుల మీద గొంగళిపురుగులు విరుచుకుపడి, నెల తిరిగేసరికి అదే అడవి మరో అడవి అవుతుంది. కాబట్టి ఇక్కడ ఎత్తు ప్రవణతతో పాటు కార్తెల ప్రవణత కూడా ఉన్నది. మే నెలలో ఒక మెట్టునూ సెప్టెంబరులో మరో మెట్టునూ చూసి రెండింటినీ పోల్చినవారు కొండను కాక క్యాలెండరును కొలిచినట్టవుతుంది.

3. కొలిచే పద్ధతి

కొలతకు తొలి నియమం సమానత. 200 మీటర్ల నుంచి 1,600 మీటర్ల దాకా ప్రతి 200 మీటర్లకు ఒక స్థలం చొప్పున ఎనిమిది స్థలాలు ఎంచుకుంటే, ప్రతి చోటా అవే వలలు, అన్నే రాత్రులు, అవే కార్తెలు ఉండాలి. కీటకాలన్నీ ఒకే వలకు చిక్కవు గనుక పద్ధతులు కొన్ని కలవాలి. నేల మీద పాకే చీమలకూ పేడపురుగులకూ అంచు నేలమట్టానికి వచ్చేలా పాతిన సబ్బునీటి గ్లాసు చాలు. ఎగిరే కందిరీగలకూ ఈగలకూ గుడారం వంటి సన్నని వల కావాలి. 1934లో బర్మా యాత్రలో, డేరాలోకి వచ్చిన కీటకాలు పైకప్పు మూలకు ఎగబాకి చిన్న కంత గుండా బయటపడటం గమనించి స్వీడన్ శాస్త్రవేత్త రెనే మలేజ్ రూపొందించిన ఆ వలను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. రాత్రి సంచరించే రెక్కల పురుగులకు రెండు గుంజల నడుమ కట్టిన తెల్లని గుడ్డా, దాని ముందు వెలిగే దీపమూ వల అవుతాయి. వెన్నెల రాత్రుల్లో దీపానికి పురుగులు తక్కువగా వస్తాయి కాబట్టి అన్ని మెట్ల మీదా అమావాస్య చుట్టుపక్కల రాత్రులనే ఎంచుకోవడం పరిపాటి.

అటువంటి ఒక రాత్రి ఫలితాన్ని దగ్గరగా చూస్తే ఈ శాస్త్రపు అసలు స్వరూపం తెలుస్తుంది. గుడ్డ మీద వాలిన వేలిగోరంత రెక్కల పురుగును సీసాలోకి తీసుకుని, మరునాడు దాని ఉరానికి సన్నని సూది గుచ్చి, రెక్కలు విప్పి ఆరబెడతారు. ఆ సూదికే పురుగు కింద చిన్న కాగితపు చీటీ ఒకటి గుచ్చుతారు. దాని మీద చిన్న అక్షరాల్లో రాష్ట్రం, జిల్లా, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టిన పద్ధతి, పట్టినవారి పేరు ఉంటాయి. రెక్కల రంగు ఎంత అపురూపమైనా చీటీ లేని పురుగు గోడకు తగిలించే అలంకారమే. చీటీ ఉంటే, రెక్క విరిగినా రంగు వెలిసినా అది సాక్ష్యం. జాతి గుర్తింపులో సందేహం వస్తే మరో నిపుణుడు వచ్చి మళ్ళీ చూసుకోవచ్చు. కాలు ముక్క ఒకటి తీసి దాని జన్యుపదార్థంలో దాదాపు 650 అక్షరాల పొడవున్న ఒక భాగాన్ని చదివి, ఇతర నమూనాలతో పోల్చవచ్చు. పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన ఈ పద్ధతిని జన్యు బార్‌కోడింగ్ అంటారు. ఒకేలా కనిపించే జాతులను విడదీయడంలో ఇది సాయపడుతుంది గాని, జాతికి పేరు పెట్టే వర్గీకరణ పండితుని స్థానాన్ని భర్తీ చేయదు.

పట్టినవే లెక్క కాదు, పట్టుబడనివాటిని కూడా అంచనా వేయాలి. ఆన్ చావో అనే గణాంక శాస్త్రవేత్త సూచించిన ఉపాయం ఇది: ఒక్కసారి మాత్రమే కనిపించిన జాతుల సంఖ్యకు వర్గం కట్టి, రెండుసార్లు కనిపించిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే, ఇంకా చూడని జాతుల కనీస అంచనా వస్తుంది. ఉదాహరణకు ఒక మెట్టు మీద 120 జాతులు దొరికి, వాటిలో 20 ఒక్కసారే, 10 రెండుసార్లే కనిపించాయనుకుంటే, 400ను 20తో భాగించగా వచ్చే 20 జాతులు కనీసం దాగి ఉన్నట్టు. అంటే అసలు సంఖ్య 140కి తక్కువ కాదు. బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు గింజలతో రకం చెప్పే వ్యాపారి నేర్పు లాంటిదే ఇది, కాకపోతే పిడికిలి ఎంత పొరబడగలదో కూడా ఇక్కడ లెక్క తేలుతుంది.

4. మెట్టు మెట్టునా మనుషులు

కోస్టారికాలోనో బోర్నియోలోనో రక్షిత వనంలో చేసే అధ్యయనానికీ ఇక్కడి అధ్యయనానికీ మౌలికమైన తేడా ఒకటుంది. ఈ కొండల్లో ప్రతి మెట్టు మీదా మనుషులు తరతరాలుగా బతుకుతున్నారు. దిగువ లోయల్లో వరిమళ్ళు, జయపురం మెట్టు మీద దేశవాళీ ధాన్యపు రకాలు, 900 మీటర్ల పీఠభూమి మీద చోళ్ళు, సామలు, వలిసెలు, కాఫీ, ఏటవాలుల్లో పోడు, జీలుగ చెట్లు, పనస, మామిడి ఉన్నాయి. కోరాపుట్ సాంప్రదాయిక వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇక్కడి దేశవాళీ వరి విత్తనాలను కాపాడిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ లభించింది.

దిగువ అడవి ముందుగా సాగులోకి వచ్చి, నిటారు వాలుల్లోని అడవి మాత్రమే మిగిలిన చోట, మధ్య ఎత్తుల్లో జాతులు ఎక్కువగా కనిపించడం సహజం. దాన్ని ప్రకృతి నియమమని ప్రకటిస్తే పొరపాటు. దిగువన పోయిన జాతుల ఖాళీయే అక్కడ గుట్టలా కనిపిస్తూ ఉండవచ్చు. కాబట్టి ప్రతి స్థలంలోనూ ఎత్తుతో పాటు అడవి చరిత్రనూ నమోదు చేయాలి: ఎన్నేళ్ళ కిందట పోడు కొట్టారు, ఎప్పుడు నిప్పు పడింది, ఏ చెట్లు నరికారు, ఏవి నాటారు. ఆ చరిత్ర ఏ దస్త్రంలోనూ దొరకదు. కొండను ఎరిగిన కోంధులు, పరజలు, గదబలు వంటి ఆదివాసులు మాత్రమే అది చెప్పగలరు. వారు ఈ అధ్యయనంలో మూటలు మోసే సహాయకులుగా కాక జ్ఞానదాతలుగా, వారి పేర్లు చీటీల మీదా వ్యాసాల్లోనూ ఉండేలా పాల్గొనాలి.

అడవి కీటకానికీ పొలం పంటకూ ఉన్న సంబంధానికి వలిసె పువ్వే నిదర్శనం. చలికాలం మొదట్లో అరకు నుంచి కోరాపుట్ దాకా పీఠభూమిని పసుపు పచ్చగా కప్పేసే ఈ పంటలో ఒక మొక్క పుప్పొడి అదే మొక్కకు సాధారణంగా పనికిరాదు. మరో మొక్క నుంచి తెచ్చిపెట్టడానికి తేనెటీగలు కావాలి. రాతి చరియలకూ ఎత్తయిన చెట్లకూ పట్లు పెట్టే కొండతేనెటీగ, చెట్టుతొర్రల్లో కాపురముండే దేశవాళీ తేనెటీగ, చిన్న పొదలకు పట్టు కట్టే జుంటీగ ఆ పని చేస్తాయి. పూత నెలరోజుల ముచ్చట; మిగిలిన పదకొండు నెలలూ ఆ తేనెటీగలు వాలుల్లోని అడవిలో, ఋతువును బట్టి ఎగువకూ దిగువకూ మారుతూ బతకాలి. ఒక మెట్టు మీది నూనెగింజ మరో మెట్టు మీది తొర్రను నమ్ముకుని ఉన్నదన్నమాట.

5. కొండ కొస

భూమి వేడెక్కే కాలంలో కీటకాలకు ఉన్న దారుల్లో ఒకటి పైకి జరగడం. ఇది ఊహ కాదు. బోర్నియోలో 4,095 మీటర్ల కినబాలు పర్వతం మీద 1965లో రెక్కల పురుగులను ఎత్తు వారీగా సేకరించి ఉంచారు. 42 ఏళ్ళ తరువాత, 2007లో, అవే చోట్లకు వెళ్ళి మళ్ళీ చూసిన పరిశోధకులు, 102 జాతులు సగటున 67 మీటర్లు పైకి జరిగాయని తేల్చారు. రాబర్ట్ కోల్వెల్ బృందం 2008లో కోస్టారికా కొండవాలు మీది 1,902 మొక్కల, కీటకాల జాతులను పరిశీలించి మరో ప్రమాదాన్ని చూపింది: పైకి జరిగిన జాతుల స్థానంలోకి రావడానికి అంతకంటే వేడి ప్రాంతపు జాతులంటూ లేవు కనుక దిగువ అడవి క్రమంగా పలచబడుతుంది, మధ్యలోని జాతులకు కొత్త చోటుకూ పాత చోటుకూ నడుమ ఎడం ఏర్పడుతుంది, శిఖరజాతులకు పోవడానికి పైన ఏమీ మిగలదు.

దేవమాలి మీది కీటకానికి 1,672 మీటర్లే ఆకాశం. వేడిమి ఒక్క డిగ్రీ పెరిగితే దాని పాత వాతావరణం దాదాపు 150 మీటర్లు పైకి పోతుంది. రెండు డిగ్రీలు పెరిగితే 1,400 మీటర్లకు పైనున్న జీవికి ఇక చోటు ఉండదు. పక్క శిఖరానికి వెళ్ళాలంటే ముందు వేడి లోయలోకి దిగి ఎక్కాలి. జాన్జెన్ చెప్పిన కనుమ ఇక్కడ తలకిందులై లోయగా ఎదురవుతుంది.

ఈ కొండ కొసలకు మరో ప్రత్యేకత ఉన్నది. కోంధుల పేరుతోనే ఖొండలైటు అని 20వ శతాబ్ది ఆరంభంలో పేరు పొందిన శిల లక్షల ఏళ్ళ వానలకు చివికి, చదునైన కొండతలల మీద బాక్సైటు పొరగా మిగిలింది. పంచపత్‌మాలి, మాలిపర్వతం, కోడింగమాలి వంటి పేర్లలోని 'మాలి' ఆ కొండలకు స్థానికులు వాడే మాటే. దమన్‌జోడి దగ్గర పంచపత్‌మాలి మీద 1980లలోనే తవ్వకం మొదలైంది. నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల అభిప్రాయం కోరగా, ఆ ఏడే 12 గ్రామసభలు తవ్వకాన్ని ఏకగ్రీవంగా నిరాకరించాయి. డొంగ్రియా కోంధులు నియమరాజు కొలువుగా భావించే ఆ కొండ తల, శాస్త్రం దృష్టిలో చూసినా, చల్లదనం కోరే జీవులకు ఆఖరి ఆశ్రయం. ఎత్తు ప్రవణతలో అతి తక్కువ నేల ఉన్న మెట్టూ, ఖనిజం పరచుకున్న మెట్టూ ఒకటే కావడం ఈ ప్రాంతపు చిక్కు. ఆ మెట్టు మీద ఏమున్నదో తెలియకుండా తీసుకునే నిర్ణయం ఏదైనా, నష్టాన్ని లెక్కలోకి తీసుకోని నిర్ణయమే అవుతుంది.

6. చేయవలసిన పని

కినబాలు మీద 2007లో వెళ్ళినవారు అంత కచ్చితంగా మాట్లాడగలిగారంటే, 1965లో వెళ్ళినవారు ప్రతి పురుగు కిందా ఎత్తు రాసిపెట్టినందువల్లనే. భూతాపాన్ని కొలవడం వారి ఉద్దేశం కాదు. ఆనాటికి ఆ ప్రశ్నే పుట్టలేదు. భారత జంతు సర్వేక్షణ సంస్థ 1916లో స్థాపితమై, తన రాష్ట్రాల జంతుజాల గ్రంథమాలను ఒరిస్సాతోనే ప్రారంభించింది. ఆ జాబితాలకు ఇప్పుడు చేర్చవలసినది ఎత్తు అనే కొలత.

దీనికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. 2009లో ఏర్పడిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం కోరాపుట్‌లో ఉన్నది. దిగువన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నది. రెండూ కలిసి నాగావళి లోయ నుంచి దేవమాలి దాకా ఒకటీ, నియమగిరి వాలు మీద ఒకటీ శాశ్వత పరిశీలన గీతలు ఏర్పరచి, అయిదేళ్ళకొకసారి అవే కార్తెల్లో మళ్ళీ కొలవవచ్చు. అటవీ శాఖ అనుమతితో పాటు గ్రామసభ సమ్మతి కూడా తీసుకోవడం మర్యాద. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల స్థాయిలో నిర్వహించే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో చెట్ల పేర్ల పక్కన పురుగుల పేర్లూ, అవి కనిపించిన ఎత్తూ, కార్తె కూడా చేర్చవచ్చు. కువి, పరజి, గదబ భాషల్లో ఆ పురుగులకున్న పేర్లు శాస్త్రనామాల సరసన నిలవాలి. నియమగిరిలో పుట్టిన వంశధార నీరే శ్రీకాకుళం పొలాలను తడుపుతున్నది కాబట్టి, ఈ పనిలో దిగువనున్న తెలుగు రైతుకూ తెలుగు విద్యార్థికీ వాటా ఉన్నది.

ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత ఆ ప్రయోగశాలల్లో ఏ తరం ఏమి కనుగొంటుందో తెలిసి ఇవ్వలేదు. తరువాతి వారికి అవసరం పడుతుందన్న నమ్మకంతో ఇచ్చారు. సూదికి గుచ్చిన చీటీ కూడా అటువంటి దానమే. దాని మీద ఈనాడు రాసిన ఎత్తు ఈనాటి వారికి ఒక అంకె. నలభై ఏళ్ళ తరువాత అదే వాలు ఎక్కి అదే పురుగును వెతికేవారికి అది మొదటి మెట్టు. ఆ మెట్టు కట్టి ఉంచితేనే కొండ ఇచ్చిన సంపదకు విజ్ఞానం తన బాకీ తీర్చడం మొదలుపెట్టినట్టు.